అమెరికా నౌకాదళ ఓడల మరమ్మతు కాంట్రాక్టు: ట్యాంకు తెరిచాక అసలు లెక్క – నా అనుభవం

అమెరికా నౌకాదళ ఓడలు మరమ్మతుకొచ్చే ప్రైవేటు యార్డులో ఎస్టిమేషన్, కాంట్రాక్టు కాగితాలు రెండూ నా పనే. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే సబ్‌కాంట్రాక్టర్లు ముందు అడిగేది బిడ్ ఎంతకు వేయాలని. బిడ్ ముఖ్యమే. కానీ లాభమో నష్టమో తేలేది ఓడ వచ్చి, ఇంధనమో నీళ్లో నిల్వ ఉండే ట్యాంకు మూత తీసి, లోపల కనబడినదాన్ని కాగితం మీద పెట్టినప్పుడు. అందుకే ఇక్కడ ఎక్కువగా ఆ కాగితం గురించే రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి. అమెరికా ప్రభుత్వంతో వ్యాపారం చేసేవాళ్లు నమోదు చేసుకునే సామ్ డాట్ గవ్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ ఉండాలి. దాంతో సంస్థను గుర్తించే రెండు నంబర్లు, 12 అక్షరాల యూఈఐ, 5 అక్షరాల కేజ్ కోడ్ వస్తాయి. రిజిస్ట్రేషన్ ఏటా రెన్యూ చేయాలి. బిడ్ వేశాక గడువు దాటిపోతే చేతికొచ్చిన పని కూడా పోవచ్చు. తర్వాత నావ్‌సీతో (నౌకాదళంలో ఓడల నిర్మాణం, మరమ్మతు చూసే విభాగం) మాస్టర్ షిప్ రిపేర్ అగ్రిమెంట్, అందరూ ఎంఎస్ఆర్ఏ అనేది. అది పని ఇస్తామన్న హామీ కాదు, బిడ్ వేయడానికి అర్హత మాత్రమే. ఒక పని ప్యాకేజీలో సుమారు 55% సొంతంగా చేయగలమని చూపించాలి. అంత సత్తా లేనివాళ్లకు బోటు రిపేర్ అగ్రిమెంట్ ఉంది. చిన్న సంస్థ అయితే ఎంఎస్ఆర్ఏ ఉన్న యార్డు కింద ట్యాంకుల పని, వాల్వులు, పెయింటు వీటిలో ఏదో ఒక్క ట్రేడ్ పట్టుకుని మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

చాలామందికి ఆలస్యంగా తెలిసేవి రెండున్నాయి. ఒకటి ఇన్సూరెన్స్. ఓడ మీద, డాక్ మీద పనిచేసేవాళ్లకు మామూలు వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడితే పరిహారమిచ్చే బీమా) సరిపోదు, రేవు, ఓడల పనివాళ్ల కోసం ఉన్న లాంగ్‌షోర్ అనే ఫెడరల్ చట్టం కింద పాలసీ కావాలి. ప్రీమియం బాగా ఎక్కువ కాబట్టి గంట రేటు వేసేటప్పుడే దాన్ని కలపాలి. రెండోది డ్రాయింగులు. నౌకాదళం ఇచ్చే డ్రాయింగుల్లో చాలావాటి మీద పంపిణీ ఆంక్షలు ఉంటాయి. వాటిని మీ కంప్యూటర్లలో పెట్టుకోవాలంటే నిస్ట్ 800-171 అనే సైబర్ భద్రతా ప్రమాణంలోని 110 నిబంధనల ప్రకారం మీ సిస్టమ్‌కు స్కోరు వేసుకుని రక్షణ శాఖ పోర్టల్‌లో పెట్టాలి. డ్రాయింగు మామూలు ఈమెయిల్‌లో పంపే అలవాటుంటే అది మొదటి రోజే మానాలి.

ఇప్పుడు పని స్వరూపం. పాత పద్ధతిలో ఖర్చయినదానికి డబ్బిచ్చే కాంట్రాక్టులు ఎక్కువ. 2015 ప్రాంతం నుంచి మ్యాక్-మో అనే పద్ధతికి మారారు. ఇందులో ముందే అర్హత పొందిన కొన్ని యార్డులు ఒక్కో పనికి పోటీపడతాయి, పని ఎక్కువగా ఫిక్స్‌డ్ ప్రైస్, అంటే ముందే కుదిరిన ధర. స్పెసిఫికేషన్ రాసేది ఒకరు, పని చేసేది మరొకరు. వర్క్ ఐటెమ్‌లో (స్పెసిఫికేషన్‌లో ఒక్కో పనిని వివరించే భాగం) రాసినదానికీ ఓడలో ఉన్నదానికీ తేడా తప్పదు. ఆ తేడా ఎవరి ఖర్చన్నదే అసలు ప్రశ్న.

వర్క్ ఐటెమ్ చదివేటప్పుడు అది ప్రస్తావించే నావ్‌సీ స్టాండర్డ్ ఐటెమ్స్‌ను (అన్ని పనులకూ వర్తించే ఉమ్మడి నిబంధనలు) కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ట్యాంకు పెయింటు ఐటెమ్ ఒక పేజీయే ఉండొచ్చు. దాని వెనక పెయింటు పని నిబంధనలున్న స్టాండర్డ్ ఐటెమ్ 009-32 ఉంది. నియర్ వైట్ మెటల్ బ్లాస్టింగ్ (తుప్పు, పాత పెయింటు దాదాపు పూర్తిగా పోయేలా రాపిడి రేణువులు చిమ్మి శుభ్రం చేయడం), గాలిలో తేమ నిర్ణీత హద్దు దాటకూడదు, ప్లేటు ఉష్ణోగ్రత డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువుండాలి, ట్యాంకుల్లో ఉప్పు చదరపు సెంటీమీటరుకు 3 మైక్రోగ్రాములు మించకూడదు. డీహ్యూమిడిఫయర్ అద్దె, ఉప్పు పరీక్ష కిట్లు, ప్రతి దశలో సంతకం పెట్టే ఇన్‌స్పెక్టర్ జీతం, అన్నీ మీ బిడ్‌లోనే ఉండాలి. స్టాండర్డ్ ఐటెమ్‌లో ఉన్నదాన్ని అదనపు పనిగా చూపితే నౌకాదళం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడం న్యాయమే.

ఓడ వచ్చాక తెరిచి చూసే పనులన్నీ ముందుకు తోయాలి. మొత్తం కాలంలో మొదటి 20% లోపు తెరిచి, చూసి, రిపోర్టు ఇవ్వాలన్నది సాధారణంగా పెట్టుకునే లెక్క. ఎందుకంటే ఆ తర్వాత బయటపడిన స్టీలు పనికి ప్లేటు తెప్పించడానికే సమయం చాలదు. బ్లాస్టింగ్ కాకుండా తుప్పు ఎంత తిన్నదో తెలియదు, ట్యాంకు ఖాళీ చేసి కడిగి లోపల ప్రమాదకర వాయువుల్లేవనే గ్యాస్ ఫ్రీ సర్టిఫికెట్ రానిదే బ్లాస్టింగ్ మొదలవదు. ఈ గొలుసులో ఒక్కరోజు జారినా చివర్లో అంతకు రెట్టింపు జారుతుంది.

కనబడిన లోపాన్ని కండిషన్ ఫౌండ్ రిపోర్టులో పెడతారు, వాడుకలో సీఎఫ్ఆర్. 'ట్యాంకులో ప్లేటు పాడైంది, మార్చాలి' అని రాస్తే ప్రశ్నలతో వెనక్కొస్తుంది, ఆ తిరుగుడులో రోజులు పోతాయి. పనికొచ్చే సీఎఫ్ఆర్ ఇలా ఉంటుంది: కంపార్ట్‌మెంట్ నంబరు, ఏ ఫ్రేము (ఓడ అడ్డు పక్కటెముక) నుంచి ఏ ఫ్రేము దాకా, ఏ స్టిఫ్‌నర్ (ప్లేటుకు బలమిచ్చే పట్టీ) దగ్గర, డ్రాయింగు ప్రకారం మందం 0.375 అంగుళం, అల్ట్రాసోనిక్ కొలతలో 0.260, కొలిచిన చోట్లు గుర్తుపెట్టిన స్కెచ్, పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో. తర్వాత మీరు సూచించే మరమ్మతు: ఎంత ప్లేటు కోయాలి, ఏ గ్రేడు స్టీలు, ఏ వెల్డింగ్ పద్ధతి, ఏ ఎన్‌డీటీ (కోయకుండా, పగలగొట్టకుండా చేసే వెల్డు పరీక్ష).

చాలామంది అక్కడితో ఆపేస్తారు. కోయాల్సిన ప్లేటు అవతలి వైపు చూశారా? అక్కడ ఇన్సులేషన్, కేబుళ్లు, పైపు ఉంటే అవి విప్పి మళ్లీ బిగించాలి. అవతల ఇంకో ఇంధన ట్యాంకు ఉంటే దాన్నీ ఖాళీ చేసి కడగాలి, గ్యాస్ ఫ్రీ అని తేల్చే మెరైన్ కెమిస్ట్ సర్టిఫికెట్ దానికీ కావాలి. మురుగు ట్యాంకైతే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు ప్రమాదం. వెల్డింగ్ వేడికి అవతలి పెయింటు కాలుతుంది, ఆ టచప్ కూడా పనే. చివర్లో ట్యాంకు లీకు పరీక్ష. ఇవన్నీ మొదటి సీఎఫ్ఆర్‌లోనే రాయాలి. ఒక్క ప్లేటుకు నాలుగు సార్లు నాలుగు సీఎఫ్ఆర్‌లు పంపితే నమ్మకం పోతుంది, డబ్బూ ఆలస్యమవుతుంది. షెడ్యూలులో ఏ పని ఎన్ని రోజులు వెనక్కి పోతుందో కూడా అదే కాగితంలో పెట్టండి.

సీఎఫ్ఆర్ రీజనల్ మెయింటెనెన్స్ సెంటర్‌లో (నౌకాదళం తరఫున మరమ్మతులు చూసే ప్రాంతీయ కార్యాలయం) పనిని పర్యవేక్షించే షిప్‌బిల్డింగ్ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్తుంది. ఒప్పుకుంటే మార్పుకు మీ ధర అడుగుతారు, మీరు గంటలు, సామాను లెక్కేసి ఇస్తారు, బేరం తర్వాత కాంట్రాక్టింగ్ ఆఫీసర్ మోడిఫికేషన్, అంటే కాంట్రాక్టు మార్పు పత్రం ఇస్తారు. ఆ సంతకం ముఖ్యం. ఓడ చీఫ్ ఇంజనీరు డెక్ మీద ఎదురుపడి 'ఇది కూడా చేసేయండి' అన్నా, స్పెషలిస్ట్ తల ఊపినా అది కాంట్రాక్టు మార్పు కాదు. వాళ్లకు ప్రభుత్వ డబ్బు ఖర్చుచేయించే అధికారం లేదు. మర్యాదగా విని, అదే రోజు రాతపూర్వకంగా కాంట్రాక్టింగ్ ఆఫీసర్ ఆదేశం అడగాలి.

వెల్డింగ్, గ్యాస్ కటింగ్ లాంటి హాట్ వర్క్ విషయంలో బేరాలుండవు. 2012లో యూఎస్ఎస్ మయామి జలాంతర్గామి, 2020 జులైలో శాన్ డియేగోలో బోనమ్ రిచర్డ్ యుద్ధనౌక అగ్నికి ఆహుతయ్యాయి. రెండూ మరమ్మతులో ఉన్నప్పుడే. కారణం హాట్ వర్క్ అని కాదు, మరమ్మతులో ఉన్న ఓడలో మంట ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికే. రెండిటినీ మళ్లీ నడపకుండా సర్వీసు నుంచి తీసేశారు. వెల్డింగ్ ఆగాక కనీసం అరగంట ఫైర్ వాచ్ (మంటలు రాకుండా కాపలా ఉండే మనిషి) అక్కడే ఉండాలి, గోడ అవతల కూడా ఇంకొకరు. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, మండే ఆవిరి కనిష్ఠ పేలుడు హద్దులో 10 శాతానికి చేరినా పని ఆపాలి. ఫైర్ వాచ్ మనుషుల గంటలు ప్రతి సీఎఫ్ఆర్ ఎస్టిమేటులోనూ కనబడాలి.

ఓడ అప్పగించాక లోపాలకు సాధారణంగా 60 రోజుల గ్యారంటీ ఉంటుంది. అంతకంటే ముందు జాగ్రత్తపడాల్సింది ఉభయులూ సంతకం చేసే మోడిఫికేషన్‌లో చివరి పేరా దగ్గర. ఆలస్యం, పని చెదరడం వల్ల వచ్చిన ఖర్చుతో సహా ఈ మార్పుకు ఇంకేమీ అడగమని అందులో తరచుగా ఉంటుంది. స్టీలు గంటలకు మాత్రమే ధర కుదిరి, పెయింటర్లు రోజుల తరబడి ఖాళీగా కూర్చున్న ఖర్చు తేలకపోతే, ఆ భాగాన్ని విడిగా ఉంచుతున్నామని సంతకానికి ముందే రాయించాలి. సంతకం అయ్యాక సర్దుబాటు కోసం అడిగినా ఆ పేరానే ఎదురొస్తుంది.