పాఠాలే అన్నాను
టెక్సస్‌లో టీచరుగా చేరాక, బడి తెరవకముందే ట్రైనింగ్ అన్నారు. సిలబస్ గురించేమో అనుకున్నా. తీరా చూస్తే, తుపాకీతో ఎవడైనా వస్తే ఏం చేయాలో! తలుపుకి తాళం, లైట్లు ఆపడం, పిల్లల్ని కిటికీలోంచి కనబడని మూలకి చేర్చడం. ఇక్కడ డ్రిల్ అంటే ఇదీ. రక్తం ఆగేలా గాయానికి పైన పట్టీ ఎంత బిగించాలో నాతోనే కట్టించారు. చేతులు వణికాయి. 2022లో యువాల్డీ ఊరి బడిలో కాల్పులకి 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయింది ఈ రాష్ట్రంలోనే కదా.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం చివరి గంట. ఇలాంటి దాడులు చేసిన పిల్లల్లో చాలామంది ముందే ఎవరో ఒకరి దగ్గర ఆ మాట అన్నారట. అందుకే "రేపు చూస్తారుగా" అన్న పిల్లాడిని నవ్వి వదిలేయకూడదు, కౌన్సెలర్‌కి చెప్పాలి. శిక్షించడానికి కాదు, కూర్చోబెట్టి మాట్లాడటానికి.

మా ఊరి బళ్లో డ్రిల్ అంటే పీఈటీ సార్ ఈల, అంతే.

రాత్రి ఫోన్లో అమ్మ "ఏం నేర్పారే?" అంది. "పాఠాలే" అన్నాను.