తోకోన్ వచ్చేలోపు: నా లివర్‌లెస్ బాక్స్ ఎక్కడిదాకా వచ్చిందంటే

మార్వెల్ తోకోన్: ఫైటింగ్ సోల్స్ అనే ఫైటింగ్ వీడియోగేమ్ మీద నాకింత పిచ్చి పట్టడానికి మొదటి కారణం దాన్ని చేసే జపాన్ కంపెనీ ఆర్క్ సిస్టమ్ వర్క్స్. గిల్టీ గేర్ అనే ఫైటింగ్ గేమ్ వాళ్లదే, 2018లో డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ తెచ్చిందీ వాళ్లే. 2025 జూన్‌లో ట్రైలర్ చూసి, నలుగురికి నలుగురు ఆట అని తెలియగానే ఒకటి తేల్చుకున్నా: బొటనవేలు నొప్పి పుట్టించే ప్యాడ్‌తో దీన్ని మొదలుపెట్టేది లేదు. జాయ్‌స్టిక్ లేకుండా దిక్కులు కూడా బటన్లతోనే నొక్కే లివర్‌లెస్ బాక్స్ సొంతంగా చేసుకుంటున్నా.

పైపలక అక్రిలిక్, 3 ఎంఎం. ఏలూరు రోడ్డు పక్క సందులో సైన్‌బోర్డులు చేసే షాపులో లేజర్ కటింగ్ చేయించా. జంప్ బటన్‌కి 30 ఎంఎం రంధ్రం, మిగతావాటికి 24. లేజర్ అంచుని కొంచెం తినేస్తుంది, రంధ్రం అనుకున్నదానికంటే ఓ వెంట్రుకవాసి పెద్దదవుతుంది, కాబట్టి ముందు వేస్టు ముక్క మీద ఒకటి కోయించి బటన్ దిగ్గొట్టి చూసుకోండి. ఇంకో మాట, నొక్కితే క్లిక్‌మని కూర్చునే బటన్లు సన్నటి పలకకే పనికొస్తాయి, దళసరి చెక్క వాడేవాళ్లు మరతో బిగించే రకం కొనాలి.

లోపల రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న సర్క్యూట్ బోర్డు, అందులో దాన్ని గేమ్ కంట్రోలర్‌లా పనిచేయించే జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్. బోర్డు మీది బూట్‌సెల్ అనే చిన్న బటన్ నొక్కి పట్టుకుని యూఎస్‌బీ పెడితే పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది, ఫైల్ అందులో పడేస్తే అయిపోయింది. ప్రతి బటన్‌కి ఒక కాలు పికో పిన్నుకి, రెండోది గ్రౌండ్‌కి. గ్రౌండ్ వైరు మాత్రం ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి వరసగా లాక్కుంటూ పోవచ్చు, పని చాలా తగ్గుతుంది. ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే న్యూట్రల్ అయ్యేలా, అంటే ఏ దిక్కూ నొక్కనట్టే లెక్కపడేలా సెట్ చేశా.

అసలు కష్టం వేళ్లది. నిప్పుబంతి లాంటిది విసరడానికి నొక్కే ఫైర్‌బాల్ మోషన్ తీసుకోండి: నడిమివేలితో కింద నొక్కి, అది వదలకుండా చూపుడువేలితో ముందుకి నొక్కి, అప్పుడు నడిమివేలు లేపి కుడిచేత్తో పంచ్. వేలు తొందరపడి ముందే లేస్తే మధ్యలో రావాల్సిన ఏటవాలు దిక్కు పోతుంది, మూవ్ రాదు. మనం కుడివైపుకి మారామంటే ముందుకి నొక్కాల్సింది ఉంగరం వేలు, అది బద్ధకపు వేలు. ఇప్పుడు రోజూ సగం ప్రాక్టీసు దానికే. ఈ బెజవాడ ఎండల్లో చెమటకి బటన్ల మీద వేళ్లు జారతాయి, పక్కన తువ్వాలు ఉండాల్సిందే.

ప్రాక్టీసంతా 2024లో వచ్చిన మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్‌లో, అందులోనూ 2000 నాటి రెండో భాగం మీదే. అందులో 56 మంది ఫైటర్లు ఉన్నారు, కానీ నేను వాడేది స్టార్మ్, డాక్టర్ డూమ్, స్పైడర్ మ్యాన్. ముగ్గురూ తోకోన్‌లో కూడా ఉన్నారుగా! మూవ్‌లు అవే ఉంటాయని కాదు, అసిస్ట్‌ని, అంటే సాయానికి దూకే జట్టువాణ్ని, పిలిచిన క్షణంలో నేనెక్కడ ఉండాలి అనేది తలకెక్కాలని. తోకోన్‌లో అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే మొదట్లో ఒక్క అసిస్టే చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు ఆట సాగేకొద్దీ వచ్చి కలుస్తారు, పైగా జట్టంతటికీ కలిపి ఒకటే హెల్త్ బార్. అంటే ఒకడు పోయినా ఇంకొకడున్నాడులే అనే ధీమా ఉండదు. నాకు బాగా నచ్చిందీ అదే.

గుంటూరులో ఉన్న మా బావతో రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ఆడుతున్నా. నెట్ ఆలస్యం తెలియకుండా చేసే రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ పుణ్యమా అని పక్కపక్కన కూర్చుని ఆడినట్టే ఉంది. "నీ స్టార్మ్ అసలు కిందకి దిగదేంటి బావా" అని వాడి గొడవ. దిగదు, గాల్లో డాష్ కొట్టడం, అంటే ఒక్కసారిగా ముందుకి దూసుకుపోవడం, ఈ బాక్స్ మీద అంత హాయిగా ఉంది.

ఇంక మిగిలింది అడుగున రబ్బరు బుష్‌లు బిగించడం, ఒళ్లో పెట్టుకుంటే జారిపోతోంది. జంప్ బటన్ కూడా ఓ అర సెంటీమీటరు లోపలికి జరపాలి, రెండో పలక కోయించినప్పుడు ఆ పని చూస్తా. తోకోన్ జట్టులో నాలుగోవాడిగా ఐరన్ మ్యానా, కెప్టెన్ అమెరికానా అన్నది తేలలేదు, ఈ వారం ఇద్దరినీ అసిస్ట్‌లుగా పెట్టి చూస్తున్నా.