మద్రాసులో నలగిరి, అమరావతిలో దిబ్బ

అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాల మీద పేపర్ రాసేవాళ్లు ఒక్కసారైనా వాటి ఎదుట నిలబడాలని మా సీనియర్లు కొందరు ఏటా కొంత డబ్బు పోగేసి పెడుతున్నారు. స్లీపర్ చార్జీ, చవకైన లాడ్జి, భోజనం, అంతవరకే వస్తుంది. ఈ ఏడు అది నాకు దక్కింది. సికింద్రాబాద్‌లో రైలెక్కి, మద్రాసులో దిగి, సామాను లాడ్జిలో పడేసి నేరుగా ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లిపోయాను. వెళ్లేవాళ్లు శుక్రవారం పెట్టుకోకండి, సెలవు.

బుద్ధుడి మీదికి వదిలితే ఆయన ముందు లొంగిపోయిన నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం పుస్తకాల్లో ఎన్నిసార్లు చూశానో. క్రీ.శ. 2వ శతాబ్దం, పల్నాటి సున్నపురాయి, ఇవన్నీ పరీక్షల కోసం బట్టీ పట్టినవే. కానీ ఎదురుగా నిలబడ్డాక, ఫొటోలో నేను చూసింది చాలా తక్కువని తెలిసింది. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని కుమ్మేస్తోంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది, పైన కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, ఒకావిడ భయంతో పక్కనున్న మనిషిని పట్టుకుంది. ఫొటోలో ఇదంతా ఒకే మట్టంలో ఉన్నట్టుంటుంది. అక్కడ కాస్త పక్కకి జరిగి చూస్తే ముందున్న ఒళ్లు రాతిలోంచి పైకి లేచి కనిపిస్తాయి, వెనకవాళ్లు నీడలోకి పోతారు, ఆ తోపులాట అప్పుడు తెలుస్తుంది. నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుంటూ మూసే వేళదాకా అక్కడే ఉండిపోయాను.

తర్వాత విజయవాడ వచ్చి అమరావతి బస్సెక్కాను. స్తూపం ఉండాల్సిన చోట ఇప్పుడున్నది తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ మళ్లీ నిలబెట్టిన కొన్ని రాళ్లు. 18వ శతాబ్దం చివర్లో కొత్త ఊరు కట్టడానికి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు మనుషులు ఇక్కడ తవ్వారు, 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్లిపోయాయి. ఇవన్నీ చదివి ఉన్నా, ఖాళీగా ఉన్న ఆ చోటు చూస్తే కడుపు తరుక్కుపోయింది.

అయినా ఆ ఖాళీ చోటే నాకు ఒక సంగతి చూపించింది. దిబ్బను కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణగా నడిచాను. అలా నడిచేవాళ్లకి చుట్టూ ఉండిన రాతి కంచె లోపలి ముఖం ఎడమచేతి వైపు ఉంటుంది. కథలు చెక్కిన ఫలకాలు ఎక్కువగా ఆ లోపలి ముఖానికే. అంటే భక్తుడు అడుగు వేసే కొద్దీ ఫలకం ఎడమ అంచు ముందు కనబడుతుంది, కుడి అంచు తర్వాత. ముందు మదపుటేనుగు, ఆ తర్వాత మోకరిల్లిన ఏనుగు! కథ నడకతో పాటు నడుస్తుందని నాకక్కడే తట్టింది. నా పేపర్ మొత్తం ఇప్పుడు దీని చుట్టూనే తిరుగుతోంది. మద్రాసు ఒక్కటే చూసి వచ్చేస్తే ఇది తట్టేది కాదు, కాబట్టి ఇకముందు ఇచ్చే డబ్బు రెండు చోట్లకీ సరిపోయేలా ఇవ్వమని సీనియర్లకు రాశాను.

మిగిలింది బ్రిటిష్ మ్యూజియం. మన రాళ్లు వందకు పైగా అక్కడున్నాయి. విమానం, వీసా, లండన్ గది అద్దె ఈ నిధికి అందే ఖర్చు కాదు. ఎవరైనా ఒక్క విద్యార్థినైనా పంపగలిగితే, దయచేసి రెండు మూడు రోజుల కోసం పంపకండి, ఒక్కో రాయి దగ్గర కూర్చుని గీసుకునేంత వ్యవధి ఇవ్వండి.