పంటల విలువ లెక్క కట్టబోయి నాలుగు నెలలు

హైదరాబాద్ తార్నాకలో మాది రెండు గదుల ఆఫీసు. ఆర్థిక విషయాల మీద అడిగినవాళ్లకు రిపోర్టులు రాసిస్తుంటాం. 2025 మార్చిలో మా మేడమ్ పిలిచి, "తెలంగాణలో పంటలూ అడవులూ ఏడాదికి ఎన్ని కోట్ల విలువ చేస్తాయో ఒక నోట్ కావాలి. ఆ లెక్క ఎట్లా వస్తుందో కూడా రాయాలి. రెండు వారాలు చాలుతుందా?" అన్నారు. చాలుతుందన్నాను. పండిన పంటను ధరతో గుణించి కూడటమే కదా అనుకున్నాను. తీరా ఆ నోట్ నా చేతిలోంచి బయటపడింది జులైలో.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మొదటి వారంలోనే ఒక టేబుల్ తయారు చేసి, బాగా వచ్చిందనుకుని మేడమ్‌కి పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "బియ్యానికి వడ్ల ధర కట్టావేంటమ్మా?"

నిజంగానే అంత పని చేశాను. కేంద్రం వేసే పట్టికల్లో ఉత్పత్తి బియ్యం రూపంలో ఉంటుంది. మద్దతు ధర మాత్రం వడ్లకు. నేను ఆ గడిని, ఈ గడిని పక్కపక్కన పెట్టి గుణించేశాను. ఈ పొరపాటు ఎంతదో చూడాలంటే 2024 వానాకాలం పంటే తీసుకోండి. 66.7 లక్షల ఎకరాల్లో 153 లక్షల టన్నుల వడ్లు పండాయని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. గుణిస్తే 35 వేల కోట్లు దాటుతుంది. అవే వడ్లను మరపట్టి బియ్యం చేస్తే మిగిలేది మూడింట రెండొంతులు. ఆ బియ్యానికి వడ్ల ధర కడితే 23 వేల కోట్ల చిల్లర దగ్గర ఆగిపోతుంది. ఒక్క పంట, ఒక్క సీజన్, దాదాపు 12 వేల కోట్లు మాయం. అన్నం తినే ఇంట్లో పుట్టి కూడా ఇది నాకు తట్టలేదంటే సిగ్గేసింది.

జిల్లాల లెక్కల కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగాను. సార్ మీటింగ్‌లో ఉన్నారు, సార్ లంచ్‌లో ఉన్నారు, ఆ సీటు ఖాళీగా ఉంది, లెటర్ పెట్టి వెళ్లండి. ఇదంతా మనకు తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. చివరికి అంకెలు వచ్చాక ఇంకో చిక్కు. పాత సంవత్సరాలవి 10 జిల్లాల లెక్కలు, 2016 అక్టోబర్ తర్వాత 31, 2019 నుంచి 33. ధరల పోలికకు ఆధారంగా పెట్టుకున్న 2011-12లో అసలు తెలంగాణ రాష్ట్రమే లేదు. ఉమ్మడి రాష్ట్రం లెక్కలోంచి విడదీసి వెనక్కి కట్టారు. పైగా విభజనప్పుడు ఖమ్మం జిల్లా నుంచి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోయాయి. కాగితం మీద ఒక జిల్లా పంట సగానికి పడిపోతే కరువని అనుకోవద్దు, జిల్లా ముక్కలై ఉండొచ్చు. జిల్లాల పోలిక పెట్టుకోకుండా మొత్తం రాష్ట్రానికే కట్టుబడదామని అప్పుడే తేల్చుకున్నాను.

ఎకరానికి ఇంత దిగుబడి అని ఎవరు, ఎట్లా చెబుతారన్నది మాత్రం కళ్లతో చూడాలనిపించింది. మాది జనగామ దగ్గర ఊరు. యాసంగి కోతలప్పుడు, ఏప్రిల్ చివర్లో ఉప్పల్‌లో బస్సెక్కాను. ఊళ్లో పంట కోత ప్రయోగానికి, అంటే చిన్న ముక్క కోసి దిగుబడి కొలవడానికి, నంబర్లు తీస్తే మా పెదనాయన పొలం వచ్చిందట. ఏ పొలమన్నది అధికారి ఇష్టం కాదు, సర్వే నంబర్ల నుంచి లాటరీలాగా తీస్తారు. పొలంలో ఏ చోటన్నది కూడా అంతే. నైరుతి మూల నుంచి ఇటు ఇన్ని అడుగులు, అటు ఇన్ని అడుగులు అని ముందే వచ్చిన నంబర్ల ప్రకారం నడవాలి. పంట బాగున్న చోట కోద్దామంటే కుదరదు.

ఏఈఓ మేడమ్, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, వచ్చి నాలుగు మేకులు కొట్టి తాడు కట్టించారు. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు. లోపలి వరి మాత్రమే కొడవళ్లతో కోసి, పరదా మీద కొట్టి, తూర్పారబట్టి తూకం వేశారు. 15 కిలోల 200 గ్రాములు. ఎకరంలో అలాంటి ముక్కలు దాదాపు 162. అంటే ఎకరానికి 24 క్వింటాళ్ల పైచిలుకు.

పెదనాయన నవ్వాడు. "నాకు 24 క్వింటాళ్లు ఎన్నడొచ్చినయి బిడ్డా? గింత మడి కోసి గంత పెద్ద రాష్ట్రం లెక్క చెప్తరా మీరు?"

ఏఈఓ మేడమ్ నొచ్చుకోలేదు. అప్పుడే కోసిన వడ్లలో తేమ ఉంటుంది, ఎండబెట్టి మళ్లీ తూచి ఆ తేడా తగ్గిస్తామన్నారు. ఆమె చెప్పని కారణం మా నాయిన చెప్పాడు. కొడవలితో కోసి చేత్తో కొడితే గింజ కూడా పోదు, అదే కోత మిషన్ కోస్తే పొలంలోనే ఎంతో రాలిపోతుంది. పాస్‌బుక్‌లో ఎకరమంటే గట్లు కూడా కలిపి ఎకరం. ఒక్క మడితో రాష్ట్రం లెక్క చెప్పరు గానీ, ఇలాంటి మడులు ఊరూరా కోసి సగటు తీస్తారు. అది చూశాక దిగుబడి అంకె మీద నాకు గౌరవం పెరిగింది. ఎండలో నిలబడి తాడు పట్టుకున్న మనిషిని చూస్తే మరి పెరగకుండా ఎట్లా ఉంటుంది.

అదే వారం మా నాయిన వడ్లు కొనుగోలు కేంద్రానికి పోయాయి. రెండెకరాలకు 44 క్వింటాళ్లు, 40 కిలోల లెక్కన 110 బస్తాలు. తేమ 17 శాతం లోపే వచ్చింది. అయినా తాలు ఉందని ఒక మిల్లు బస్తాకు రెండు కిలోల చొప్పున తరుగు తీసింది. 220 కిలోలు. గ్రేడ్-ఏ రకం వడ్ల మద్దతు ధర 2,320 లెక్కన 5,104 రూపాయలు. ఎవరితో కొట్లాడతాం, లారీ దిగకుండా నిలబడితే ఇంకో నాలుగు రోజులు అక్కడే పడుకోవాలి. రాష్ట్రం లెక్కలో పంట అంటే విస్తీర్ణం, దిగుబడి, ధర. పొలంలో పండింది కాబట్టి ఆ 220 కిలోలు రాష్ట్రం లెక్కలో భద్రంగా ఉన్నాయి. మా నాయిన లెక్కలోనే లేవు.

ఏ ధర కట్టాలన్నది ఇంకో కథ. మే నెలలో ఒక రోజు తెల్లవారుజామున ఐదింటికి బోయినపల్లి కూరగాయల మార్కెట్‌కు పోయాను. టమాటా కిలో 12 పడుతోంది. ఎనిమిదింటికి మా వీధి బండి మీద 25. ఫోన్‌లో యాప్ తెరిస్తే 32. పంట విలువలోకి వచ్చేది ఈ మూడింటిలో మొదటిదానికి దగ్గరగా ఉండే ధర. పంట జోరుగా వచ్చే రోజుల్లో, రైతు మొదట అమ్ముకునే మార్కెట్లో పలికే సగటు హోల్‌సేల్ ధర అన్నమాట. ఆ తర్వాత పెరిగిన 20 రూపాయలు కూడా రాష్ట్ర ఆదాయంలో ఉంటాయి గానీ, వ్యాపారం కింద, రవాణా కింద. అవి వ్యవసాయం గడిలోకి రావు. టమాటా మంటెక్కినప్పుడు రైతులు కోటీశ్వరులైపోతున్నారని టీవీల్లో చెప్పేవాళ్లు ఒకసారి ఐదింటికి బోయినపల్లి వెళ్లి రావాలి.

నాకు తెలియని చిన్నచిన్న గడులు కూడా చాలా ఉన్నాయి. వరిగడ్డికి విలువ కడతారు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు వచ్చే బంతిపూలకు కడతారు. పెరట్లో కాసిన బీరకాయకూ కడతారు, అమ్మినా అమ్మకపోయినా. ఇంట్లో వండుకు తిన్న వడ్లు కూడా లెక్కే.

అడవి దగ్గరికి వచ్చేసరికి నాకు అసలు దారి దొరకలేదు. రాష్ట్రం భూమిలో దాదాపు నాలుగో వంతు రికార్డుల్లో అడవే, కానీ విలువ చూస్తే పంటల పక్కన చాలా చిన్నది. పొరబడ్డానేమో అని మూడుసార్లు చూశాను. తప్పు లేదు. అడవి విలువ అంటే అడవి ఇచ్చే నీడ, వాన, గాలి కాదు. అందులోంచి బయటికి వచ్చే సరుకు. కలప, వంటచెరకు, తునికాకు, ఇప్పపువ్వు, తేనె, పశువుల మేత. కేబీఆర్ పార్కులో పొద్దున్నే ఇంతమంది పీల్చే గాలికి ఈ లెక్కలో సున్నా.

వంటచెరకు లెక్క ఎక్కడి నుంచి వస్తుందో తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ఎవరూ అడవిలో నిలబడి మోపులు లెక్కపెట్టరు. ఇంటింటి ఖర్చుల సర్వేలో నెలకు ఎన్ని కట్టెలు కాల్చారని అడుగుతారు, దాని నుంచి వెనక్కి వస్తారు. అడవి లెక్క వంటింట్లోంచి తీస్తారన్నమాట. గ్యాస్ ఉన్నా మా నానమ్మ ఇప్పటికీ స్నానాల నీళ్లు కట్టెల పొయ్యి మీదే కాస్తుంది. సర్వే వాళ్లు వస్తే "మాకు గ్యాస్ ఉంది" అంటుందే తప్ప కట్టెల మాట చెప్పదు. అట్లా ఎంత అడవి తప్పిపోతుందో అని నాకో అనుమానం.

తునికాకు నయం, దానికి తూకం లాంటి లెక్క ఉంది. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగ్. ఎండాకాలం కొద్ది వారాల పని. ఇక జామాయిల్, సుబాబుల్ అయితే పెరిగేది ఎక్కువగా రైతుల పట్టా భూముల్లోనే, కానీ కలప కాబట్టి అడవుల గడిలో పడతాయి. అడవి బయటి చెట్లకు అడవి లెక్కలో చోటుందని నేనెప్పుడూ ఊహించలేదు. జూన్ చివర్లో జాతీయ గణాంక కార్యాలయం దేశం మొత్తానికి రిపోర్టు ఇచ్చింది, నాకు సమయానికి దొరికింది. 2011-12 ధరల్లో అడవుల ఉత్పత్తి విలువ 2011-12లోని 1.49 లక్షల కోట్ల నుంచి 2023-24కి 2.27 లక్షల కోట్లకు చేరింది. అందులో పరిశ్రమలకు పోయే కలప వాటా అప్పుడు సగం, 2023-24లో 70 శాతం. మన పొలం గట్ల మీది చెట్లకూ ఇందులో వాటా ఉంది.

ఆ 2011-12 ధరలన్న మాట నాయినకు చెప్పబోయి ఇరుక్కుపోయాను. ధర పెరిగినందుకు కాకుండా పంట పెరిగినందుకు ఎంత పెరిగిందో తెలియాలంటే పాత ధరే పెట్టి లెక్కకట్టాలి. 2011-12లో గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,110. ఆ లెక్కన ఆయన 44 క్వింటాళ్లు 48,840 రూపాయలు. ఆ సీజన్ ధరలో 1,02,080.

"అయితే నా డీఏపీ బస్తాకు కూడా అప్పటి ధరే తీసుకుంటరా?" అన్నాడు.

లెక్కలో తీసుకుంటారు. దుకాణంలో తీసుకోరు. ఆ రెండో మాట నేను పైకి అనలేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఆయన రెండెకరాలకు అచ్చం రాష్ట్రానికి చేసినట్టే లెక్క కట్టాం. వడ్లు 1,02,080, గడ్డి 2,000. మొత్తం 1,04,080. ఇది ఉత్పత్తి విలువ. ఇందులోంచి విత్తనాలు 2,000, ఎరువులు 8,500, పురుగు మందులు 6,000, డీజిలూ మోటారు రిపేర్లూ 6,000 తీసేశాం. మిగిలింది 81,580. దీన్నే జోడించిన విలువ అంటారు, రాష్ట్ర ఆదాయంలోకి పోయేది ఇదే అన్నాను.

"మరి నాట్ల కూలి?"

తీయరన్నాను. కలుపు కూలి? తీయరు. ఆ రెండెకరాల్లో కౌలుకు తీసుకున్న ఎకరం కౌలు? అదీ తీయరు. మిత్తి? లేదు.

"గవన్నీ తియ్యకపోతే అది లాభమెట్లయితది బిడ్డా?"

లాభం కాదు నాయినా, అని ఎట్లా చెప్పాలో ఆలోచించాను. నువ్వు కూలి ఇచ్చిన అక్కలది కూడా రాష్ట్రం సంపాదనే కదా. కౌలు తీసుకున్నాయనదీ అంతే, మిత్తి తీసుకున్నాయనదీ అంతే. రాష్ట్రం వైపు నుంచి చూస్తే ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు, నీ చేతిలోంచి ఇంకో చేతికి పోయింది. యూరియా, డీజిల్ వేరే చోట తయారై వచ్చాయి కాబట్టి వాటిని తీస్తారు. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు. తర్వాత పెన్ను తీసుకుని తనే రాయడం మొదలుపెట్టాడు. కూలి 14,000. మిషన్ల కిరాయి, డీజిల్ పోను, 15,000. కౌలు 12,000. మిత్తి 5,000. తరుగు 5,104. చివర్లో మిగిలింది 30,476.

"నాలుగు నెలల నా కష్టం ఏ గడిల ఉన్నది?"

ఆ 30 వేలల్లోనే ఉంది. సొంత పొలంలో సొంత చేతులతో పనిచేసేవాళ్ల కూలినీ లాభాన్నీ విడదీయలేక లెక్కల్లో రెండూ కలిపి మిశ్రమాదాయం అంటారు. ఆ పేరు చెబితే "మిశ్రమమా" అని ఒకసారి అని, లేచి మోటారు బంద్ చేయడానికి పోయాడు.

నోట్‌లో ఆ రెండెకరాల లెక్కను పేర్లు లేకుండా సగం పేజీ బాక్స్‌గా పెట్టాను. మేడమ్ మొదటిసారి చదివి, ఇది రిపోర్టా కథా అని దాన్ని కొట్టేశారు. ఫైనల్ కాపీ పంపే రోజు అడవుల పేజీ కింద ఖాళీ ఎక్కువగా ఉందని, దాన్ని మళ్లీ అక్కడ పెట్టించారు.