సింగపూర్ – టోక్యో: దూరం ఒకటే, గంటలే వేరు

సింగపూర్ చాంగీ నుంచి టోక్యో హనేడాకు ఆకాశంలో సుమారు 5,300 కిలోమీటర్లు. టోక్యోకే ఉన్న ఇంకో విమానాశ్రయం నరీటాకైతే ఇంకాస్త ఎక్కువ. నేను వెళ్లొచ్చింది జనవరిలో. ఈ దారి మీద గాలి బలం ఎంతో తెలిసేది చలికాలంలోనే.

వెళ్లేటప్పుడు రాత్రి 10కి బయల్దేరి తెల్లవారుజామున 5:40కి దిగడం. టికెట్ మీది అంకెలు చూస్తే 7 గంటల 40 నిమిషాలు. కానీ టోక్యో గడియారం ఒక గంట ముందుంటుంది కాబట్టి అసలు ప్రయాణం 6:40 మాత్రమే. తిరిగొచ్చేటప్పుడు పొద్దున 10కి ఎక్కితే సాయంత్రం 4:45కి సింగపూర్. చూడ్డానికి 6:45, ఆ గంట కలిపితే 7:45. టికెట్ చూసినవాళ్లు వెళ్లడానికే ఎక్కువసేపు పడుతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు!

రానూపోనూ మధ్య ఉన్న ఈ గంట తేడా గాలిదే. జపాన్ మీదుగా పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి చాలా ఎత్తులో వీస్తుంది. చలికాలంలో ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. దక్షిణ చైనా సముద్రం మీద ఉన్నంతసేపూ సీటు ముందున్న తెరలో వేగం 900 దగ్గరే కదలకుండా ఉంటుంది. తైవాన్ దాటాక చూడండి, అంకె వెయ్యి దాటేస్తుంది. వచ్చేటప్పుడు అదే చోట 700 కిందికి పడిపోవచ్చు. కుదుపులు కూడా ఎక్కువగా అక్కడే, అందుకే భోజనం, బాత్రూమ్ పనులు ముందే కానివ్వాలి. ఎండాకాలంలో ఆ గాలి బలహీనపడి ఉత్తరానికి జరుగుతుంది, రానూపోనూ తేడా బాగా తగ్గిపోతుంది. కాబట్టి చలికాలంలో సింగపూర్‌లో ఇంకో విమానం మారాల్సి ఉంటే, వెళ్లిన సమయాన్ని బట్టి లెక్క వేసుకోకండి. కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోవాలి.

రాత్రి విమానాల్లో తేదీ మారిపోతుంది. హోటల్ బుకింగ్ తప్పేది ఎక్కువగా ఇక్కడే. దిగే తేదీ చూసి గది తీసుకోవాలి. 5:40కి దిగినా గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికే, సామాను మాత్రం ముందే పెట్టుకోనిస్తారు.

హనేడా ఊరికి దగ్గర, నరీటా 60 కిలోమీటర్ల పైమాటే. రాత్రి పదిన్నర దాటాక నరీటాలో దిగే టికెట్ చవగ్గా దొరికినా నేనైతే తీసుకోను. ఇమ్మిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయే ప్రమాదం ఉంది, టాక్సీకి మిగిలిందంతా పోతుంది.

జపాన్‌కి విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ సైట్‌లో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ ఫోన్‌లో దాచుకుంటే మేలు. సింగపూర్‌కి ఎస్‌జీ అరైవల్ కార్డ్ అనే ఆన్‌లైన్ ప్రవేశ పత్రం దిగే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్ జోలికి పోకండి.

కిటికీ సీటు ఎడమవైపు తీసుకుంటే ఫుజి కనిపిస్తుందని చెబుతారు. నిజమే గానీ, జనవరిలో టోక్యోలో తెల్లవారేది 6:50కి. 5:40కి దిగేవాళ్లకు చీకటే. తిరుగు ప్రయాణంలో కుడివైపు తీసుకోండి, ఆకాశం తేటగా ఉంటే లేచిన కాసేపటికే మంచు కప్పుకున్న శిఖరం కనబడుతుంది.