మా ఇంటికొచ్చిన సువర్ణ

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు వదల్లేదు. ఉతికిన బట్టలు హాల్లోనే తీగ కట్టి ఆరేశాం. ఇల్లంతా తడి వాసన. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమ్మ చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. నాన్న పేపరు పట్టుకున్నారు. టీవీలో 'వరల్డ్ ఫేమస్ లవర్' సినిమా మొదలైంది.

నేను దీన్ని 2020లో, విడుదలైన వారంలోనే సినిమా హాల్లో చూశాను. ఫిబ్రవరి 14న వచ్చింది. నెల తిరిగేసరికి కరోనా వల్ల హాళ్లన్నీ మూతపడ్డాయి. ఆ తర్వాత చాలాకాలం సినిమా హాలు అనగానే నాకు ఆ రోజే గుర్తొచ్చేది. విజయ్ దేవరకొండ తెర మీదికి రాగానే ఈలలు, అరుపులు. కాసేపటికి అతను వేసిన గౌతమ్ గడ్డం పెంచుకుని కేకలేస్తుంటే నా వెనక వరుసలో ఒకబ్బాయి "మళ్లీ అర్జున్ రెడ్డేరా" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. నాకూ అదే అనిపించింది. కానీ సినిమాలోని ఇల్లందు కథ, బొగ్గు బాయిలో పనిచేసే సీనయ్యది, మొదలయ్యాక ఆ వరుసంతా చప్పుడు లేకుండా కూర్చుంది. కథ పారిస్ వెళ్లగానే ఒక్కొక్క ఫోన్ వెలిగింది. బయటికొచ్చేటప్పుడు మెట్ల మీద అందరిదీ ఒకటే మాట: "ఆ సీనయ్య కథ ఒక్కటే తీసుంటే సరిపోయేది."

'మళ్లీ మళ్లీ ఇది రాని రోజు' తీసిన క్రాంతి మాధవ్ సినిమా అని నేను చాలా ఆశతో వెళ్లాను. ఆ రోజు నేనూ అదే మాట అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఇవాళ ఇల్లందు పేరు వినపడగానే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ముప్పై ఏళ్లు బొగ్గు బాయి పని చేసిన మనిషి. సినిమాలంటే అంత ఇష్టం లేదు. "బొగ్గుట్ట" అన్నారు. మా వైపు పాతవాళ్లు ఇల్లందుని ఇప్పటికీ అలాగే అంటారు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది అక్కడే. సింగరేణి అనే పేరు కూడా ఆ పక్కనున్న పల్లెదే. తెర మీద సీనయ్య డ్యూటీకి పోతుంటే నాన్న కళ్లు అతని మొహం మీద లేవు. టోపీకి లైటు ఎలా పెట్టారు, చేతులకి మసి ఎంతవరకు అంటింది అని చూస్తున్నారు.

అమ్మ చూపు మాత్రం సీనయ్య పెళ్లాం సువర్ణ మీదే. "ఎవరే ఈ పిల్ల? మన ఇంటి పిల్ల లెక్క ఉంది" అంది.

"ఐశ్వర్యా రాజేష్ అమ్మా. అప్పటి హీరో రాజేష్ కూతురు. నటి శ్రీలక్ష్మికి మేనకోడలు."

"అట్లనా!" అని మళ్లీ టీవీ వైపు తిరిగింది. చిక్కుడుకాయ ఈనె సగం లాగి ఆపేసింది. మొగుడి మనసు ఆఫీసరమ్మ మీదికి పోతోందని తెలిసి కూడా సువర్ణ ఇల్లు చూసుకుంటుంటే, అమ్మ చేతిలో ఆ కాయ అలాగే ఉండిపోయింది. ప్రకటనలు వచ్చాక గానీ రెండో ఈనె తీయలేదు.

అప్పుడే నాన్న, టీవీ వైపు చూస్తూనే, "సెకండ్ షిఫ్ట్ నాడు నువ్వు కూడా మేలుకునే ఉండేదానివా?" అని అడిగారు.

"మరి? గేటు చప్పుడు అయ్యేదాకా నిద్ర ఎక్కడిది?"

నాన్న ఇంకేం అనలేదు. ఆ షిఫ్ట్ దిగి ఇంటికి చేరేసరికి పదకొండు దాటేది. నేను నిద్రపోయి ఉండేదాన్ని. అమ్మ ఎప్పుడు పడుకునేదో ఇవాళ్టిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు. ఈ ప్రశ్న అడగడానికి నాన్నకి ఇన్నేళ్లు పట్టిందని బాధేసింది. ఇప్పటికైనా అడిగారని సంతోషం కూడా వేసింది.

రెండోసారి చూస్తుంటే హాల్లో మేమందరం అన్న మాట సగమే నిజమనిపించింది. సువర్ణ కథ రాసింది గౌతమే. ఉద్యోగం మానేసి రచయిత అవుతానని ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ ఒక్క పేజీ రాయలేదు. అతను ప్రేమించిన యామిని సంపాదించి, వండిపెట్టి, ఎదురుచూసి, ఇక నా వల్ల కాదని వెళ్లిపోయాక గానీ అతని చేతికి కలం రాలేదు. సువర్ణ మౌనం యామిని దగ్గర నుంచి తెచ్చుకున్నదే అని నాకు గట్టిగా అనిపించింది. మొదటి కథ తీసేస్తే రెండోది పుట్టదు. కానీ సినిమా యామినిని మనకి సరిగ్గా చూపించలేదు. ఆమె ఆఫీసు నుంచి అలసిపోయి రావడం, అడిగి అడిగి అడగడం మానేయడం, వీటి మీద ఇంకాస్త నిలబడి ఉంటే హాల్లో ఆ అబ్బాయి అంత తొందరగా "మళ్లీ అర్జున్ రెడ్డే" అనేవాడు కాదేమో. గౌతమ్ ఏడుపుకి ఇచ్చిన చోటులో సగం యామినిగా వేసిన రాశీ ఖన్నాకి ఇచ్చినా చాలు. జనం రచయితని ఒప్పుకోలేదు గానీ, అతను రాసిన మనిషిని మాత్రం ఇంటికి తీసుకెళ్లారు. ఇది నాకు తప్పుగా అనిపించదు. నేనూ అదే చేశాను.

పారిస్ భాగం రాగానే నాన్న కునుకు తీశారు. అమ్మ చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లేచింది.

"ఇంకా ఉందమ్మా, యామిని సంగతి ఉంది. చివరికి ఏమవుతుందో చెప్పనా?" అన్నాను.

"వద్దులే బిడ్డా. సువర్ణ సంగతి తేలింది గదా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాసేపటికి పోపు చిటపటలు వినిపించాయి. నేను టీవీ సౌండ్ తగ్గించి, యామిని కోసం చివరిదాకా కూర్చున్నాను.