సర్టిఫికెట్టులో కనిపించని పొర

శ్రీకాకుళం నుంచి చెన్నై వచ్చి, అంబత్తూరు పారిశ్రామికవాడలో స్టెయిన్‌లెస్ స్టీలు పంపు భాగాలకు పాసివేషన్, అంటే తుప్పు పట్టకుండా ఆమ్లంతో శుద్ధి, చేసే ఒక చిన్న షెడ్డులో చేరిన కొత్తలో, నా పని ఏమిటని అమ్మ ఫోనులో అడిగితే ‘సామాన్లు కడగడం’ అని చెప్పాను. నైట్రిక్ ఆమ్లం తొట్టెలో భాగాలను అరగంట ముంచి, తీసి, నీళ్లతో కడిగి ఆరబెట్టడమే నాకు కనిపించేది కనుక అప్పటికి అది అబద్ధమూ కాదు.

మూడో ఏడు కార్తీక మాసపు వానల్లో, మేము పంపిన 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పంపు మూతలు గోధుమరంగు మచ్చలతో వెనక్కి వచ్చాయి. యజమాని ఒక ముక్కను పరీక్షకు పంపితే క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దాటి ఉన్నాయనీ, లోహంలో దోషం లేదనీ కాగితం వచ్చింది. నిప్పురవ్వతో చేసే ఆ పరీక్షకు ముందు ముక్కను గీకి శుభ్రం చేస్తారని, అంటే మచ్చపడిన పై పొరను ముందే తుడిచేస్తారని అప్పుడు నాకు తెలియదు.

మా సూపర్‌వైజరు తిరుత్తణి మనిషి. ఆయన తెలుగు నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. పావు లీటరు నీటిలో నాలుగు గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కొంచెం సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, మచ్చలేని చోటనే దూదితో అద్ది, ఆరు నిమిషాలు ఆరనివ్వకుండా తడిగా ఉంచమన్నారు. నాలుగో నిమిషానికే తెల్లటి ఉక్కు మీద సన్నని ఎర్రటి గీతలు, బ్రష్షు తిరిగిన దారినే, ఒకదాని పక్కన ఒకటి తేలాయి. “చూసినావా తమ్ముడూ, ఇదంతా ఒట్టి ఇనుము. అది కరిగిన తావులో రాగి కూర్చునింది” అన్నారు. పాసివేషన్ అయ్యాక మరకలు పోలేదని మా కుర్రవాడొకడు, మామూలు ఇనుప చట్రాలు రుద్దే తీగ బ్రష్షుతో వాటిని రుద్దాడు. వాడిని తిట్టలేకపోయాను, ఆ బ్రష్షు ఇచ్చింది నేనే.

304లో క్రోమియం ఒక పాలుంటే ఇనుము దాదాపు నాలుగు పాళ్లుంటుంది. అయితే ఆమ్లంలో ఇనుము, దాని ఆక్సైడు సులభంగా కరిగిపోతాయి, క్రోమియం ఆక్సైడు మాత్రం కరగక నిలుస్తుంది. అందువల్ల రెండు మూడు నానోమీటర్ల మందం మాత్రమే ఉండే పై పొరలో క్రోమియం పాలు పెరిగి, పని చక్కగా కుదిరితే ఇనుమును మించిపోతుంది. ఆ పొరకు సరిగ్గా కింద, మిగిలిన లోహంలో నికెల్ కాస్త చిక్కబడుతుంది. అంటే తొట్టెలోంచి బయటికి వచ్చే ముక్క పైన ఒక లోహం, లోపల మరో లోహం.

ఇది ఇంట్లో చూసినదే. ఇత్తడి బిందెకు చింతపండు పట్టించి కడగడం మరచిపోతే తెల్లారేసరికి గులాబీరంగు మచ్చలు తేలేవి. జింకు కరిగిపోయి రాగి మిగిలిందని అప్పుడు ఎవరికి తెలుసు, అమ్మ మాత్రం బిందెకు దిష్టి తగిలిందనేది.

వెల్డింగు పక్కన తేలే నీలిరంగు ఇంతకంటే మొండిది. ఆ వేడికి పుట్టే ఆక్సైడు తనకు కావలసిన క్రోమియాన్ని కింది లోహంలోంచి లాక్కుంటుంది కనుక దాని అడుగున క్రోమియం తగ్గిన పొర ఒకటి మిగులుతుంది. అక్కడ నైట్రిక్ ఒక్కటే చాలదు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కూడా కలిపి ఆ బలహీనమైన పొరనే కరిగించి తీసేయాలి, దీన్నే పిక్లింగు అంటారు. హైడ్రోఫ్లోరిక్ ఒంటిమీద పడితే మొదట నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముక దాకా దిగుతుంది. అందుకే తొట్టె పక్కన గోడకు, దానికి విరుగుడుగా పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్లు ఎప్పుడూ వేలాడుతూ ఉండాలి, ఆ ఒక్క విషయంలో మా యజమాని పిసినారితనం చూపలేదు.

వెనక్కి వచ్చిన మూతలన్నింటినీ మళ్లీ ముంచి, ఒక్కొక్కదాని మీద మైలుతుత్తం అద్ది ఆరు నిమిషాల చొప్పున చూశాం. సరుకుతో వెళ్లే సర్టిఫికెట్టులో ఇప్పటికీ లోపలి లోహం అంకెలే ఉంటాయి. దాని వెనక, ఎవరూ అడగకపోయినా, ఆ పరీక్ష ఫలితం రాసిన చీటీ ఒకటి నేను పిన్ను కొట్టి పంపుతున్నాను.